పద్నాలుగో ఫారం

జూన్ 3

గుండుసూదికి,

అన్నయ్య రాస్తున్నాడు. అక్షరాలు వంకరగా ఉన్నాయని కంగారు పడకు. అరవై ఏళ్లు సూదీ కత్తీ పట్టిన వేళ్లు, ఇప్పుడు పెన్ను పట్టమంటే మొరాయిస్తున్నాయి. బైండింగు షాపు మూసి అయిదు నెలలైంది. బల్ల మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, తెచ్చి ముందు గదిలో వేసుకున్నాను. దాని మీదే అన్నం తింటున్నాను, దాని మీదే ఇది రాస్తున్నాను.

విషయానికి వస్తాను. రాను, ముందు ఇంకో సంగతి చెప్పాలి. నా చదువు ఎలాంటిదో నీకు తెలుసు కదా. అయిదో క్లాసు తర్వాత నాన్న నన్ను ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆ తర్వాత నేను చదివిందంతా కుట్టడానికి వచ్చిన ఫారాలే. ఒక్కో పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చువేసి మడిస్తే ఫారం, ఫారాలు వరసగా పేర్చి కుడితే పుస్తకం. చేతికి ఏ ఫారం వస్తే అది చదివేవాణ్ణి. అందుకని లోకంలో చాలా సంగతులకి నడిమి భాగం నాకు క్షుణ్ణంగా తెలుసు. మొదలూ తెలియదు, చివరా తెలియదు. గుండె ఎలా కొట్టుకుంటుందో చెప్పగలను, ఎందుకు ఆగుతుందో ఆ ఫారంలో లేదు. ఒక నవలలో పెళ్లికూతురు రైలు దిగాలా వద్దా అని ముప్ఫై ఏళ్లుగా నా బుర్రలో తలుపు పట్టుకుని నిలబడే ఉంది.

ఇప్పుడు తీరిక దొరికింది కాబట్టి ఒక్క పుస్తకమైనా మొదటినుంచి చివరిదాకా చదువుదామని బైబిలు తీశాను. అందులో యోబు గ్రంథం పట్టుకున్నాను. ఏ తప్పూ చేయని మనిషి మీద అందరూ కలిసి నింద వేస్తారు. నాకు బాగా అలవాటైన కథ. ముగ్గురు స్నేహితులు వచ్చి వారం రోజులు నోరు మెదపకుండా కూర్చున్నారట. అక్కడితో లేచి వెళ్లిపోయి ఉంటే ఎంత మంచివాళ్లు అనిపించుకునేవాళ్లో. ముప్ఫై అధ్యాయాలు ఎలాగో నెట్టుకొచ్చాను. ముప్ఫై ఒకటిలో ఇరుక్కుపోయాను. ఆయన వరసపెట్టి ప్రమాణాలు చేస్తున్నాడు, నేను ఇది చేసి ఉంటే నాకు అది జరగాలి అని. అది ప్రమాణమా, శాపమా, కోర్టులో పెట్టే కాగితమా? వ్యాఖ్యానం లేకుండా ముందుకు నడవదని తేలిపోయింది.

మీ ఇంట్లో వ్యాఖ్యానాలు మూడు రకాలున్నాయి కదా. ఆరు సంపుటాల సెట్టులో మూడోది పంపు. మిగతా అయిదూ అక్కర్లేదు. చదివి భద్రంగా తిప్పి పంపిస్తాను.

ఇందులో వేరే ఉద్దేశం ఏమీ లేదు.

నీ అన్న

*

జూన్ 11

అన్నయ్యా,

“వేరే ఉద్దేశం ఏమీ లేదు” అని నువ్వు రాయకపోయి ఉంటే నమ్మేదాన్ని.

పన్నెండేళ్లుగా ఈ ఇంటి గడప తొక్కని మనిషికి ఇప్పుడు బైబిలు మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అందులో యోబు మీద. ఆరింటిలో సరిగ్గా మూడోదే కావాలి. మూడోదాంట్లోనే కదా ఆ పదహారు పేజీలు లేనిది! రెండు వందల తొమ్మిది నుంచి రెండు వందల ఇరవై నాలుగు దాకా. నంబర్లు నాకు కంఠతా వచ్చు. ఈ ఇంట్లో వాటి మీద జరిగినంత చర్చ ఏ వచనం మీదా జరగలేదు. నువ్వు చదవడానికి అడగటం లేదు. కుట్టు విప్పి, భూతద్దం పెట్టి, తప్పు నీది కాదని తేల్చడానికి అడుగుతున్నావు. ఎవరికి చూపిస్తావు? ఆయన పోయి పద్నాలుగు నెలలైంది.

సరే, నిజంగానే చదవాలని ఉందనుకుందాం. వ్యాఖ్యానం అడగడానికి ఎవరొచ్చినా ఆయన ఒక్కటే ప్రశ్న వేసేవారు, “రోజుకి ఎంతసేపు కూర్చుంటావు?” అని. పావుగంట అన్నవాళ్లకి చేతిపుస్తకం ఇచ్చేవారు. వచనం ఏం చెబుతోందో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటుంది. గంట అన్నవాళ్లకి దిండు. అదే, నువ్వు బైండు చేసిన లావుపాటి ఏకసంపుటం. ఏం చెప్పారో, ఎందుకు చెప్పారో, ఏ కాలంలో చెప్పారో అన్నీ ఉంటాయి, కాకపోతే ఏదీ పూర్తిగా ఉండదు. ఆరు సంపుటాలూ వేరే లోకం. ఒక్క మాట పట్టుకుని నలుగురు పండితులు నాలుగు పేజీలు కొట్టుకుంటారు. వాళ్ల గొడవ తీరేసరికి మనం ఏ వచనంలో ఉన్నామో మర్చిపోతాం. “ఎంతసేపైనా కూర్చుంటాను” అన్నవాళ్లని ఆయన నమ్మేవారు కాదు. వాళ్లకీ చేతిపుస్తకమే ఇచ్చేవారు.

నీకూ అదే పంపుతున్నాను.

ఇంకో మాట. ఇది చర్చివాళ్ల ఇల్లు. ఆగస్టు ఆఖరికి ఖాళీ చేయాలి, కొత్త పాస్టరుగారు కుటుంబంతో దిగుతున్నారు. బజారు వెనక రెండు గదులు చూసుకున్నాను. ఆరు సంపుటాలు అందులో పట్టవు. బైబిలు పాఠశాలకి ఇస్తానని మాటిచ్చాను. ఈలోగా నువ్వు ఒక్కసారి వచ్చి వెళ్లు. ఆయన పోయినప్పుడు సమాధుల దగ్గర నిలబడి, అటునుంచి అటే బస్సెక్కేశావు. ముప్ఫై నాలుగేళ్లు కాపురం చేసిన ఇల్లిది. నువ్వు లోపలికి రాకుండానే నేను బయటికి వెళ్లిపోతే, ఆ తర్వాత ఆ రెండు గదులకి నువ్వు వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. బెదిరింపు అనుకున్నా సరే.

చెల్లెలు

*

జూన్ 21

గుండుసూదికి,

పొడిచావు, అందింది. పార్శిలూ అందింది.

ముందు పార్శిలు సంగతి. దానికి జిగురు రెండుసార్లు పెట్టారు. మొదటిసారి పెట్టింది పలచన, ఆరాక విప్పి మళ్లీ చిక్కగా పెట్టారు. ఇలాంటివి నా కంటికి దాగవు. అంటే ఒకసారి మూసి, తెరిచి, ఏదో తీసేసి, మళ్లీ మూశావు. ఏం తీశావు?

ఇక పుస్తకం. నలభై రెండు అధ్యాయాల్ని తొమ్మిది పేజీల్లో చెప్పింది. బస్సు కండక్టరు స్టాపుల పేర్లు అరిచినట్టుంది, దిగేవాడు దిగాలి, లేకపోతే బస్సు ఆగదు. నేను ఇరుక్కుపోయిన ముప్ఫై ఒకటో అధ్యాయానికి మూడంటే మూడే లైన్లు. “యోబు తన నిర్దోషిత్వాన్ని ప్రమాణపూర్వకంగా చెప్పుకున్నాడు. ప్రతి మనిషీ తనను తాను పరీక్షించుకోవాలి. తెలియక చేసిన తప్పుల మాటేమిటి?” ప్రశ్న వేసి వెళ్లిపోయింది! జవాబు చెప్పాల్సింది తనే కదా? డెబ్భై ఒక్కేళ్ల మనిషికి పంపాల్సిన పుస్తకమా ఇది? పావుగంట మనిషినని నా మీద ముద్ర వేశావు.

మీ వీధి టైలరు పనిమీద ఇటువైపు వచ్చి నా దగ్గర కాసేపు కూర్చున్నాడు. బైబిలు పాఠశాల మాస్టారు మీ ఇంటికి రెండుసార్లు వచ్చి, బీరువా ముందు చేతులు కట్టుకుని నిలబడి వెళ్లాడట కదా. ఇంకా ఆగస్టు రాలేదు, ఇప్పటినుంచే అంత తొందరేమిటి? మూడో సంపుటం నా కంట పడకుండా ఇల్లు దాటించాలనా?

పన్నెండేళ్ల కిందటి మాట నువ్వు ఎత్తావు కాబట్టి నేనూ చెబుతాను. మీ ఆయన ఆరు సంపుటాలూ దిండూ కలిపి నాకిచ్చారు. అన్నింటికీ కుట్లు వదిలిపోయి ఉన్నాయి. మూడు వారాలు కష్టపడి, కొత్తగా కుట్టి, గుడ్డ వేసి, నా చేతులతో మోసుకొచ్చాను. ఆ రోజు మీ ముందు గదిలో ప్రార్థనకొచ్చిన వాళ్లు ఓ పదిమంది ఉన్నారు. మూడోది తెరిచి, పేజీలు తిప్పి, అందరి ముందూ, “బావగారూ, ఒక ఫారం ఏమైంది? మీ దగ్గర ఎక్కడైనా ఉండిపోయిందేమో చూడండి” అన్నారు. మెత్తగానే అన్నారు. మెత్తగా అన్న మాటే ఎక్కువ రోజులు గుచ్చుకుంటుంది. నా దగ్గరికి వచ్చిన ప్రతి పుస్తకం ఫారాలూ లెక్కపెట్టి పలక మీద రాసుకునేవాణ్ణి. నాకు వచ్చేటప్పటికే ఆ పద్నాలుగో ఫారం అందులో లేదు. అదే చెప్పాను. “దొరికిన రోజున పిలవండి, అప్పుడే మీ గడప తొక్కుతాను” అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను.

ఆరేళ్ల కిందట మీ చర్చి వాచ్‌మన్ వచ్చాడు. చొక్కా నిండా సున్నం మరకలు. “అయ్యగారు మిమ్మల్ని ఒకసారి రమ్మన్నారండీ” అన్నాడు. “పేజీలు దొరికాయా?” అన్నాను. “అవేమీ నాకు తెలియదండీ, ఊరికే రమ్మన్నారు” అన్నాడు. ఊరికే ఎందుకు వస్తాను? ఆ వారంలోనే మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ నాది అదే ప్రశ్న, వాడిది అదే జవాబు.

మూడోది ఇవ్వడం నీకు ఇష్టం లేకపోతే దిండు పంపు.

అన్న

*

జూలై 1

అన్నయ్యా,

పార్శిలు మూశాక నా ఉత్తరం పెట్టలేదని గుర్తొచ్చింది. విప్పి పెట్టాను. అయ్యా డిటెక్టివుగారూ, మీకు ఇంత సమాధానం చాలా?

మాస్టారు రెండుసార్లు కాదు, మూడుసార్లు వచ్చారు. టైలరుకి ఒకసారి లెక్క తప్పింది. బీరువా పొడవు కొలుచుకోవడానికి వచ్చారు.

దిండు పంపలేను. దాని వెన్ను చిరిగి, గుడ్డ ఊడి వేలాడుతోంది. నా కుట్టుపెట్టెలోని నాడాతో కట్టి ఉంచారు ఆయన. దాని గురించి నాకు గట్టిగా చెప్పిన మాట ఒకటే, “దీన్ని ఏ బైండరుకీ ఇవ్వకు. ముఖ్యంగా మీ అన్నయ్యకి” అని. ఎందుకని అడిగితే మాట మార్చేశారు. పోయే ముందు కూడా ఒకసారి గుర్తుచేశారు. నేను మాట తప్పను.

చదవాలని ఉంటే రా. ముందు గదిలో ఫ్యాను కింద కుర్చీ వేస్తాను. దిండూ, మూడోదీ రెండూ నీ ముందు పెడతాను. గంట కూర్చుంటావో, పావుగంట కూర్చుంటావో నేనూ చూస్తాను.

ముప్ఫై ఒకటి దగ్గర ఆగిపోయానన్నావు కదా. లేని పదహారు పేజీలూ సరిగ్గా ఆ అధ్యాయం మీదివే. ఆ మాట నాకు చెప్పకుండా అధ్యాయం నంబరు మాత్రం ఎంత అమాయకంగా రాశావో!

చెల్లెలు

*

జూలై 6

చెల్లెమ్మకు,

గుండుసూది అనే మాట ఈ ఉత్తరంలో వాడను. మనసు బాగోలేదు.

“ముఖ్యంగా మీ అన్నయ్యకి.” ఈ ముక్క చదివి అన్నం ముందు నుంచి లేచిపోయాను. అంటే పోయేదాకా మీ ఆయన నా పనిని నమ్మలేదన్నమాట. ఇంకో పదహారు పేజీలు మింగేస్తానని భయం కాబోలు.

ఇంకోటి. నా బైండింగు పన్నెండేళ్లకే వెన్ను చిరగడమా? నేను కుట్టిన రిజిస్టర్లు ముప్ఫై ఏళ్లుగా ఆఫీసుల్లో విసిరేస్తున్నారు, తొక్కుతున్నారు, ఒకదాన్ని తలుపుకి అడ్డంగా పెట్టారు, అయినా ఒక్క దారం తెగలేదు. వెన్ను తనంతట తాను చిరగదు. ఎవరో కావాలని చింపారు. నా పని నాసిరకమని పదిమందికీ చూపించడానికే అలా నాడా కట్టి బీరువాలో నిలబెట్టి ఉంటారు. వచ్చినవాళ్లందరూ, “ఏమైందండీ దీనికి?” అని అడగడం, మీ ఆయన మెత్తగా, “మా బావగారు చేసిన పని” అనడం. నాకు కళ్లకి కడుతోంది.

నువ్వూ అదే నమ్ముతున్నావు. పన్నెండేళ్లలో ఒక్కసారైనా “మా అన్నయ్య అలాంటివాడు కాదు” అన్నావా? అని ఉంటే నాకు తెలిసేది. టైలరు చెప్పేవాడు.

దిండు పంపు. చదవడానికి కాదు, బాగుచేయడానికి. కొత్త గుడ్డ వేసి, వెన్ను కట్టి పంపిస్తాను. నా చేతి పని అలా నాడాలతో వేలాడుతూ పాఠశాల బీరువాలోకి వెళ్లడానికి నేను ఒప్పుకోను. అది పంపితే ఇంకేమీ అడగను. పంపకపోతే ఇంకేమీ రాయను.

అన్న

*

జూలై 15

అన్నయ్యా,

పంపుతున్నాను. ఆయన మాట తప్పాను. ఈ ఇంట్లో నేను ఆయన మాట తప్పిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు, వాటిలో ఇదొకటి. ఇది కూడా నీ ఖాతాలోనే రాసుకో.

వెన్ను ఎవరూ చింపలేదు. చర్చికి సున్నం వేయించిన ఏడు, సామాన్లు సర్దుతుంటే పై అర మీద నుంచి జారిపడింది. ఆయన తీసి ఒళ్లో పెట్టుకున్నారు. అన్నానికి పిలిచాను, రాలేదు. మళ్లీ పిలిచాను. కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, చిరిగిన చోటే చూస్తున్నారు. చాలాసేపటికి, “నీ పెట్టెలో నాడా ఉందా?” అన్నారు. నేనే తెచ్చి ఇచ్చాను. కడుతూ నవ్వుకున్నారు. ఏమిటని అడిగితే, “మీ అన్నయ్య ఎంత గట్టిగా అతికించాడో” అన్నారు. వెక్కిరింత అనుకుని నాకు ఒళ్లు మండింది.

అదీ జరిగింది. నువ్వు ఊహించిన నాటకం ఏమీ లేదు. ఇంకేమైనా కళ్లకి కడితే కళ్లు కడుక్కో.

ఇంట్లో సామాను సగం వెళ్లిపోయింది. గోడల మీద మేకులు మాత్రం ఉన్నాయి.

చెల్లెలు

*

ఆగస్టు 9

గుండుసూదికి,

ఇరవై రోజులు జవాబు రాయకుండా కూర్చున్నాను. వేళ్ల వణుకు అని రాద్దామనుకున్నాను, అబద్ధం అవుతుంది.

దిండు వచ్చిన రోజునే నాడా విప్పాను. ఊడిన గుడ్డ తీసేశాను. వెన్నుకి గుడ్డ వేసే ముందు, కుట్ల మీద కాగితం పట్టీలు అతికిస్తాం. ప్రెస్సువాళ్లు పారేసే చిత్తు ఫారాలు కత్తిరించి వాడతాం. బయటికి కనపడని పని కాబట్టి ఏ కాగితమైతే ఏమిటి అని. దిండు వెన్ను మీద నా పట్టీలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఒక్క దారం తెగలేదు. ముందు గర్వపడ్డాను, దాచను. ఎవరూ వినేవాళ్లు లేకపోయినా, “చూశావా!” అని పైకే అన్నాను.

తర్వాత పట్టీల మీద అచ్చు చదివాను. చదవడం నాకున్న రోగం కదా. ఒక పట్టీలో సగం మాట, “ప్రమాణ”. పక్క పట్టీలో “యోబు తన”. కింద మూలన 213.

లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. వచ్చాక కూడా 213 అక్కడే ఉంది.

213 ఉన్న చోటు వదిలి, మిగతా వెన్నంతా తడిపి, పట్టీలు ఒక్కొక్కటిగా ఊడదీశాను. రెండు అట్టల లోపలా, పైన అతికించే పూతకాగితం కింద, మిగతా ఆకులు ఉన్నాయి. రెండు వందల తొమ్మిది నుంచి రెండు వందల ఇరవై నాలుగు. అన్నీ. ఒక్క పేజీ తక్కువ లేదు. పన్నెండేళ్లు అవి మీ ఇంట్లోనే, మూడో సంపుటానికి జానెడు దూరంలో, అదే బీరువాలో ఉన్నాయి. నేనే కత్తిరించాను, నేనే అతికించాను, నేనే మోసుకొచ్చి ఇచ్చాను, నేనే అలిగాను.

ఎలా జరిగిందో ఆలోచిస్తే ఇప్పుడు గుర్తొస్తోంది. ఆ మూడు వారాలూ షాపు కప్పు కారింది. చిత్తు కాగితాల దొంతర తడవకుండా తెచ్చి బల్ల మీద, విప్పిన ఫారాల పక్కన పెట్టాను. ఆ రోజుల్లోనే ఒక హత్య నవల కుట్టడానికి వచ్చింది. ఫారాలు చదువుతూ, చూడకుండా చేయి చాపి, అందింది కత్తిరించాను. చేతిలోకి వచ్చిన ప్రతి కాగితమూ చదివేవాణ్ణని ఇంత గొప్పగా చెప్పుకునేవాడిని, ఆ ఒక్కటీ చదవలేదు. ఆ హంతకుడు ఎవరో కూడా తెలియలేదు. చివరి ఫారం పక్క షాపులో కుట్టారు.

పలక మీద రాసుకున్నానన్నది బయటివాళ్ల పుస్తకాల సంగతి. సొంతవాళ్లవి లెక్కపెట్టేవాణ్ణి కాదు. మన వాళ్లే కదా అని. లెక్కపెట్టానని పదిమంది ముందు అనేశాక, పోనుపోను నిజంగానే లెక్కపెట్టానని నాకే నమ్మకం కుదిరిపోయింది. కోర్టులో ప్రమాణం చేయమన్నా చేసి ఉండేవాణ్ణి. చేతిపుస్తకం మూడో లైనులో ప్రశ్న ఎందుకు వేసి వదిలేసిందో ఇప్పుడు తెలిసింది. బస్సు కండక్టరన్నాను దాన్ని.

ఇంకో నేరం కూడా రాస్తాను, ఎలాగూ కూర్చున్నాను కాబట్టి. ఇరవై రోజులు ఎందుకు ఆగానంటే, ఆ పట్టీలన్నీ పొయ్యిలో వేసి, కొత్త కాగితం వేసి, కొత్త గుడ్డ కట్టి, “బాగుచేశాను” అని పంపేద్దామా అని. జిగురు కూడా కలుపుకున్నాను. ఎవరికీ ఎన్నటికీ తెలిసేది కాదు. గిన్నెలో జిగురు గడ్డకట్టింది, పారేశాను, మళ్లీ కలిపాను. మూడుసార్లు.

నన్ను ఆపింది ఒక పెన్సిలు గీత. 213 చుట్టూ సున్నా చుట్టి ఉంది. చదువుతూ ఆగిన చోట పేజీ నంబరుకి అలా సున్నా చుట్టడం ఎవరి అలవాటో నీకు నేను చెప్పక్కర్లేదు. ముందు, పాత గీతేలే, నా దగ్గరికి రాకముందు గీసిందేలే అనుకున్నాను. భూతద్దం పెట్టి చూశాను. నువ్వు అన్నావు కదా, భూతద్దం. సున్నా సగం ఆ పట్టీ మీద, సగం పక్క పట్టీ మీద ఉంది. మధ్యలో ఆరిన జిగురు మీద నుంచి వెళ్లింది. అంటే నేను అతికించిన తర్వాత గీసింది. వెన్ను చిరిగి, లోపల కనపడిన తర్వాత.

చర్చికి సున్నం వేయించిన ఏడు అని నువ్వు రాశావు. వాచ్‌మన్ చొక్కా మీద సున్నం మరకలని నేను రాశాను. రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను.

బావకి దొరికాయి. దొరికిన వారంలోనే నాకు కబురు పెట్టాడు. “దొరికాయి” అని చెప్పి పిలిస్తే, ఎక్కడ దొరికాయని నేను అడుగుతాను. నా పని విప్పి నాకే చూపించాలి. అందుకని ఊరికే రమ్మన్నాడు. నేనేమో దొరికితేనే వస్తానన్నాను. మూడుసార్లు.

ఏ బైండరుకీ ఇవ్వకు, ముఖ్యంగా మీ అన్నయ్యకి. ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసింది కదా. ఆ మాట మీద నేను రాసిన జూలై ఆరు ఉత్తరం నీ దగ్గర ఉంటే చింపెయ్. వద్దులే, ఉంచు.

అన్న

*

ఆగస్టు 14

అన్నయ్యా,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. కుర్చీలన్నీ వెళ్లిపోయాయి.

నువ్వు నీ నేరం రాశావు కాబట్టి నాదీ రాస్తాను. పన్నెండేళ్లలో ఒక్కసారైనా “మా అన్నయ్య అలాంటివాడు కాదు” అన్నావా అని అడిగావు. రోజూ అన్నాను. అదే నా తప్పు. ఆయన కుట్లు వదిలిన పుస్తకాల ఫారాలు సంచిలో వేసుకుని బస్సులో చదివేవారు కదా, ఎక్కడో సీటు మీద మర్చిపోయి వచ్చి, నింద నీ మీదికి నెట్టారని నా గట్టి అనుమానం. ఏ గొడవ వచ్చినా, కూరలో ఉప్పు గురించి మొదలైనా, ఆ పదహారు పేజీల దగ్గరికే తీసుకెళ్లేదాన్ని. “మీరు పోగొట్టి మా అన్నయ్యని దూరం చేశారు” అనేదాన్ని. నాడా కట్టిన రోజు తర్వాత కూడా, అయిదేళ్లు. ఒక్క నాడా ముడి విప్పి చూపిస్తే నా నోరు మూతపడేది. ఆ పుస్తకం ఆయన వెనకే, చేతికందే దూరంలో ఉండేది. ఒక్కసారి కూడా అటు తిరగలేదు. “అయి ఉండచ్చులే” అనేవారు.

అప్పుడు, ఒప్పుకున్నారు చూడు, అనుకునేదాన్ని.

నిన్ను తిట్టాలని మూడు కాగితాలు పాడుచేశాను. ఏం రాసినా అది నాకే తగులుతోంది. అందుకని మానేశాను.

బైబిలు పాఠశాల మాస్టారికి మూడో సంపుటం ఇంకా పూర్తి కాలేదని చెప్పాను. “నలభై ఏళ్ల కిందట అచ్చయిన పుస్తకం కదమ్మా” అన్నారు. “అయినా పూర్తి కాలేదండీ” అన్నాను. అయిదూ పట్టుకెళ్లారు. మూడోది కిటికీలో పెట్టాను.

దిండు బాగుచేయకు. అలాగే, వెన్ను తెరిచే తీసుకురా. ఆయన సున్నా చుట్టిన పట్టీ చెరపకు.

నువ్వు ఉత్తరంలో ఆయన్ని “బావ” అన్నావు. జూన్ నుంచీ “మీ ఆయన”, “మీ ఆయన” అంటున్నావు.

ఇరవై ఎనిమిదిన తాళాలు ఇచ్చేస్తున్నాను.

గుండుసూది

*

ఆగస్టు 18

గుండుసూదికి,

పొట్టి ఉత్తరం. ఇలాంటిది నానుంచి ఇంకోటి రాదు, దాచుకో.

పట్టీలు ఆరబెట్టి, వరసలో పెట్టి, వెనకవైపు అచ్చు కూడా కనపడేంత పలచటి కాగితం మీద అతికించాను. పదహారు పేజీలయ్యాయి. పట్టీకీ పట్టీకీ మధ్య కత్తెర తిన్న చోట అక్షరాలు పోయాయి. లైనుకి ఒకటో రెండో. ఒక్కణ్ణే కూర్చుని చదివితే అర్థం కావడం లేదు, ఎదురుగా కూర్చుని, “ఆ మాట ఇదయి ఉంటుంది” అనేవాళ్లు ఒకరు కావాలి. ఇన్నేళ్లూ ఆయన పక్కన ఉన్నదానివి, నీకు తడుతుంది.

సూదీ, దారం, చిన్న సీసాలో జిగురు సంచిలో పెట్టుకున్నాను. ఆ ఫారాన్ని మీ ముందు గదిలో, కింద కూర్చుని, మూడోదాంట్లో కుడతాను. కుట్టే ముందు ఫారాలు లెక్కపెడతాను. నువ్వు చూస్తుండు.

మూడు వ్యాఖ్యానాల్లో నాకు ఏది సరిపోతుందని జూన్‌లో నేను అడగనే లేదు, నాకే తెలుసనుకున్నాను. చేతిపుస్తకమే నా దగ్గర ఉంచుకుంటాను. రోజుకి పావుగంట. ఆ మూడో లైనే ఇంకా కాలేదు.

దొరికిన రోజున పిలవమన్నాను. దొరికింది నాకు కాబట్టి ఇక ఎవరూ పిలవక్కర్లేదు. గురువారం పొద్దున బస్సుకి వస్తున్నాను. తలుపు తీసి ఉంచు, కానీ ఎదురు రాకు. లోపలికి రమ్మని అనకు కూడా. గడప ముందు కాసేపు నిలబడాలి నేను.

అన్న